మాక్‌బెత్: ఒక వీరుని పతనము

మాక్‌బెత్‌ను పుట్టుకతోనే క్రూరునిగా తలచినచో షేక్స్‌పియర్ నాటకము మనకు బోధపడదు. 1623లో తొలిసారి అచ్చయిన ఈ విషాదాంత నాటకమున అతడు మొదట స్కాట్లండు రాజునకు విజయము గూర్చిన సేనాని. మంత్రగత్తెలు రాజ్యము లభించునని జోస్యము చెప్పిరే గాని, రాజును చంపుమనలేదు. ఆ తలంపు అతనిదే.

అయినను హత్యకు ముందు అతడెంతగా తర్కించుకొనెనో చూడుడు! డంకన్ తనకు బంధువు, ప్రభువు, ఆ రాత్రి తన యింటి అతిథి. పైగా సాధువైన రాజు. ఇన్ని కారణములు తానే యెంచుకొని వెనుదీసెను. భార్య అతని పౌరుషమును ఎత్తిపొడిచిన పిమ్మటగాని కత్తి పట్టలేదు. పని ముగిసినంతనే ఎవరో కోట తలుపు తట్టుదురు. ఆ చప్పుడునకు అతడు బెదరిపోవును. రేడియోలో వినుటకు ఇంతకంటె తగిన ఘట్టమును మేమెరుగము.

పిమ్మట మిత్రుడు బాంక్వో వంతు. ఆ పనిని హంతకులకు అప్పగించెను; భార్యకు సైతము తెలియనీయలేదు. మాక్‌డఫ్ ఇంగ్లండునకు పారిపోగా, అతని ఆలుబిడ్డలను చంపించెను. అందువలన లాభమేమి? ఏమియు లేదు. ఈసారి తర్కమును లేదు. తలచినదే తడవుగా చేసివేయుట యొక్కటే మిగిలినది. అతని పతనమును పారిన నెత్తుటితో గాక, ఇట్లు సన్నగిల్లిన అంతర్వాదముతో కొలువవలెనని మా అభిప్రాయము.

చేతులు కడిగికొన్న చాలునన్న భార్య నిద్రలో నడచుచు, పోని మరకను తుడుచుకొనుచుండును. చివరకు ఆమె మరణించినప్పుడు అంతఃపురమున స్త్రీల ఆక్రందనము వినవచ్చును. ఒకప్పుడు రాత్రివేళ కేక వినినచో తన వెండ్రుకలు నిక్కబొడుచుకొనెడివని మాక్‌బెత్ తలచుకొనును. ఇప్పుడు ఒక్కటియు కదలదు.