ఆ ఆరు దేని లెక్క?

ఇటీవల మన బరంపురంలో ఒక బంధువుల ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాము. ఆ ఇంటి కుర్రవాడు ఆరోగ్య అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. ప్రసాదం తింటూ, "మామ్మా, నా హెచ్-ఇండెక్సు ఆరయింది" అన్నాడు. మామ్మగారు, "ఆరంటే నెలకు ఆరు వేలా, బాబూ?" అన్నారు. అందరమూ నవ్వాము గాని, అసలు సంగతి చెప్పగలవారు మాలోనూ లేకపోయారు. ఆ తరువాత అడిగి తెలుసుకున్నది పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఆరోగ్యం కోసం పెట్టిన రూపాయి ఎవరి చేతిలోనుంచి పోయింది, దానివల్ల ఎంత మేలు జరిగింది అని లెక్క కట్టేది ఆరోగ్య అర్థశాస్త్రం. పరిశోధకుడు తాను కనుగొన్నది వ్యాసంగా ప్రకటిస్తాడు. మరొకరు తమ వ్యాసంలో దానిని పేర్కొంటే అది ఒక ఉల్లేఖన. మన శాస్త్రాలకు వ్యాఖ్యానాలు వ్రాసినవారు పూర్వుల మాటను పేరుతో ఎత్తిచూపేవారు గదా, అటువంటిదే. అమెరికాలో గార్ఫీల్డు అనే ఆయన 1960ల తొలినాళ్ళలో ఈ ఉల్లేఖనలకు పెద్ద పట్టిక సిద్ధం చేయించాడు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్సును ప్రతిపాదించాడు. ఒకరి వ్యాసాలలో ఆరింటిని, ఒక్కొక్కదానిని కనీసం ఆరుసార్లు ఇతరులు పేర్కొంటే వారి అంకె ఆరు. ఉద్యోగాలకూ, పదోన్నతులకూ ఈ అంకెలు చూడడం నేడు పరిపాటి అయినది.

మరి ఈ అంకె ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు? ఇందుకు దూరం పోనక్కరలేదు. మన గంజాం జిల్లాలోనే ఉదాహరణ ఉన్నది.

బరంపురం దగ్గర మొహుదాలో గ్రామ్ వికాస్ అనే సంస్థ 1979 నుంచి ఉన్నది. 1992లో వారు పల్లెలలో ఒక పని ఆరంభించారు: ఇంటింటికీ మరుగుదొడ్డి, స్నానాలగది, కొళాయి. దానికి ఒక కట్టుబాటు పెట్టారు. ఊళ్ళో ప్రతి ఇల్లూ చేరితేనే పని. ధనికులూ పేదలూ అందరూ ఉమ్మడి నిధికి తమ వంతు వేయాలి. ఒక్క ఇల్లు వెనుకబడినా ఎవరి కొళాయిలోనూ నీరు రాదు. ఒకరు ఆరుబయటకు పోతే ఆ మురికి పదిమంది త్రాగే నీటిలో చేరుతుంది గదా!

ఈ పని మేలు చేసినదా? ఎస్తేర్ డుఫ్లో, గ్రీన్‌స్టోన్, గిటెరాస్, క్లాసెన్ అనే నలుగురు పండితులు సుమారు 100 గ్రామాల లెక్కలు చూచి 2015లో ఒక వ్యాసం వెలువరించారు. వైద్యం చేయించవలసి వచ్చిన నీళ్ళ విరేచనాలు నూటికి 30 నుంచి 50 వంతులు తగ్గాయనీ, ఆ మేలు అయిదేళ్ళకు పైగా నిలిచిందనీ వ్రాశారు. 2019లో డుఫ్లోగారికి, మరి ఇద్దరితో కలిపి, అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది.

అదే 2019లో ఇంకొక వ్యాసం వెలువడింది. గంజాం, గజపతి జిల్లాలలో ఈ పని జరిగిన 45 గ్రామాలను, జరగని 45 గ్రామాలతో పోల్చి చూచారు. చిన్నపిల్లల విరేచనాలలో తేడా కనబడలేదు. కాని వయస్సుకు తగిన ఎత్తు విషయంలో ఈ పని జరిగిన గ్రామాల పిల్లలు మెరుగు. విశేషమేమంటే, మొదటి వ్యాసం వ్రాసిన నలుగురిలో ఒకరైన క్లాసెన్‌గారు దీనిలోనూ ఉన్నారు.

మొదటిది మాత్రమే చదివినవారు పొంగిపోతారు, రెండవది మాత్రమే చదివినవారు నిట్టూరుస్తారు. రెండూ చదివినవారికే విషయం బోధపడుతుంది. మునుపటి ఫలితంతో సరిపోనిది తేలినా దాచకుండా ప్రకటించడమే విద్వత్తుకు తగిన నిజాయితీ. పట్టికలో దానికి గడి లేదు. మెచ్చి పేర్కొన్నా ఒకటే, తప్పుపట్టి పేర్కొన్నా ఒకటే.

పట్టికకు ఎక్కనివారు మరికొందరున్నారు. బిడ్డకు విరేచనాలయ్యాయా అని అడిగితే పని మానుకొని జవాబు చెప్పిన తల్లులు, కొలతకు బిడ్డను నిలబెట్టిన తల్లులు. వారు లేకపోతే వ్యాసమూ లేదు, ఉల్లేఖనా లేదు. వ్యాసాలు ఇంగ్లీషులో అచ్చవుతాయి. ఆ తల్లుల మాట ఒడియా, తెలుగు, సవర.

అందుచేత మన ఇళ్ళలో పరిశోధన చేస్తున్న అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒక విన్నపం. అంకె పెరగాలని మేమూ కోరుతున్నాము, అది మీ బ్రతుకుతెరువు. కాని ఒక్కొక్క వ్యాసానికి ఒక్క పుట, ఏ ఊరివారు జవాబులు చెప్పారో ఆ ఊరి భాషలో వ్రాసి, అక్కడ చదివి వినిపించండి.

ఈ సంగతులన్నీ మామ్మగారికి చెప్పాము. ఆమె అంతా విని మనుమడిని పిలిచి, "ఆ ఆరింటిలో ఒక్కటి నాకు అర్థమయ్యేటట్టు చెప్పు, బాబూ" అన్నారు. కుర్రవాడు సాయంత్రం వరకు కూర్చుని చెప్పాడు.