వ్యవసాయ సలహా యాప్‌లలో కాలం చెల్లిన నోటిఫికేషన్ల తొలగింపు – ఆవశ్యకత, విధానాలు

గోదావరి డెల్టాలో సార్వా వరి కోతకు వచ్చే కాలమూ, బంగాళాఖాతంలో తుఫానులు ఏర్పడే కాలమూ దాదాపు ఒకటే. కోయాలా, ఆగాలా, పనలను ఆరనివ్వాలా, కుప్ప వేయాలా అన్న నిర్ణయాలను రైతు ఒక పూటలో తీసుకోవలసి ఉంటుంది. ఇందుకు గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద మంగళ, శుక్రవారాలలో వ్యవసాయ వాతావరణ సలహాలు రూపొందించబడుతూ వచ్చాయి. 2019లో వచ్చిన మేఘదూత్ వంటి యాప్‌ల ద్వారా ఇట్టి సలహాలు నేరుగా ఫోనుకు చేరుతున్నాయి. సలహా సకాలంలో చేరడం ఎంత ముఖ్యమో, గడువు తీరిన సలహా ఫోను తెరపై నుండి తొలగిపోవడం కూడా అంతే ముఖ్యం.

సమస్య స్వరూపం

"రాబోయే 24 గంటలలో భారీ వర్షం కురిసే అవకాశం ఉంది, కోతలు వాయిదా వేయండి" అన్న సందేశం సోమవారం పంపబడిందనుకొందాం. లంక గ్రామంలో ఛార్జింగ్ లేక ఆగిపోయిన ఫోను బుధవారం తెరుచుకుంటే సందేశం అప్పుడు చేరుతుంది. రైతు దానిని గురువారానికి వర్తించే హెచ్చరికగా భావించి, పొడి వాతావరణం ఉన్న రోజును వదులుకుంటాడు. ఇందుకు విరుద్ధంగా "వర్షం లేదు" అన్న పాత సందేశాన్ని నమ్మి పురుగుమందు పిచికారి చేస్తే మందు వానకు కొట్టుకుపోతుంది. పనలు పరిచి ఉంచితే గింజ తడిసి మొలకెత్తుతుంది.

వరద హెచ్చరికల విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీలో నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. వరద తగ్గేటప్పుడు వీటిని తిరుగు వరుసలో ఉపసంహరిస్తారు. జారీ, ఉపసంహరణ సందేశాలన్నీ తెరపై గుట్టగా మిగిలితే ప్రస్తుతం ఏది అమలులో ఉన్నదో తెలియదు.

తొలగింపు విధానాలు

1. చేరని సందేశం: ఆండ్రాయిడ్ ఫోన్లకు సందేశాలు ఎక్కువగా ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ ద్వారా వెళ్తాయి. ఫోను అందుబాటులో లేకపోతే సందేశం సర్వరులో నిల్వ ఉంటుంది. గడువు పేర్కొననిచో ఈ నిల్వ కాలం 4 వారాలు. కావున ప్రతి సందేశానికి చెల్లుబాటు కాలాన్ని సెకన్లలో నిర్దేశించాలి. ఉదయం 6 గంటలకు పంపి సాయంత్రం 6 గంటల వరకు వర్తించే హెచ్చరికకు 43,200 సెకన్లు సరిపోతుంది. ఐఫోన్లకు పంపేటప్పుడు ఆపిల్ సర్వరుకు గడువు ముగిసే సమయాన్ని తెలియజేయాలి.

2. కొత్త సందేశంతో భర్తీ: ఒకే అంశానికి చెందిన సందేశాలకు ఒకే కొలాప్స్ కీ ఇస్తే, సర్వరులో వేచి ఉన్న పాతదాని స్థానంలో కొత్తది నిలుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోను తెరపై ఇప్పటికే కనిపిస్తున్నదాని స్థానంలో కొత్తది రావాలంటే రెండింటికీ ఒకే ట్యాగ్ ఉండాలి. ధవళేశ్వరం వరద సందేశాలన్నింటికీ ఒకే గుర్తు వాడితే తెరపై తాజా హెచ్చరిక ఒక్కటే ఉంటుంది.

3. కనిపిస్తున్న సందేశం తొలగింపు: ఆండ్రాయిడ్ 8 నుండి నోటిఫికేషన్‌ను ప్రదర్శించేటప్పుడే, అది ఎంతసేపటికి తనంతట తాను తొలగిపోవాలో యాప్ నిర్ణయించగలదు. ఇందుకు ఆ తరువాత ఇంటర్నెట్ అవసరం లేదు కనుక సిగ్నల్ బలహీనంగా ఉండే ప్రాంతాలకు ఇది అనుకూలం. హెచ్చరికను గడువుకు ముందే ఉపసంహరించినప్పుడు మాత్రం, తెరపై కనిపించని సందేశాన్ని పంపి, దాని ద్వారా యాప్ పాత నోటిఫికేషన్‌ను తొలగించేలా చేయాలి. ఐఫోన్‌లో కూడా గుర్తింపు సంఖ్య ఆధారంగా ఇట్లు తొలగించవచ్చు.

పరిమితులు

కనిపించని సందేశం తప్పక చేరుతుందన్న హామీ లేదు. బ్యాటరీ పొదుపు కోసం ఫోను దానిని ఆలస్యం చేయవచ్చు. వినియోగదారు యాప్‌ను బలవంతంగా మూసివేస్తే అది పనిచేయకపోవచ్చు. ఎస్ఎంఎస్‌ను పంపిన తరువాత వెనక్కు తీసుకొనే వీలు లేదు. అందువలన తొలగింపుపైనే ఆధారపడరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

• సందేశంలో "నేడు", "రేపు", "రాబోయే 24 గంటలు" అని వ్రాయరాదు. "నవంబరు 18 సాయంత్రం 6 గంటల వరకు" అని తేదీ, సమయం స్పష్టంగా పేర్కొనాలి. ఎంత ఆలస్యంగా చేరినా ఇట్టి సందేశం రైతును తప్పుదారి పట్టించదు.

• గడువు తీరిన హెచ్చరికను నిశ్శబ్దంగా తొలగించవచ్చు. గడువుకు ముందే ఉపసంహరించినదానిని మాత్రం అట్లు మాయం చేయరాదు. దానిని చదివి కోత ఆపిన రైతుకు పరిస్థితి మారినట్లు తెలియాలి. కావున దాని స్థానంలో "హెచ్చరిక ఉపసంహరించబడినది" అన్న సందేశం కనిపించాలి.

• పాత సలహాలను తేదీలతో సహా యాప్ లోపల భద్రపరచాలి.

• విపత్తు హెచ్చరికలకు అంతర్జాతీయంగా అనుసరించే కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్‌లో జారీ, సవరణ, రద్దు అన్న విభజనతో పాటు గడువు ముగిసే సమయం కూడా ఉంది. వ్యవసాయ సలహాలకు సైతం ఇదే పద్ధతి అనుసరణీయం.

రైతు సోదరులు కూడా నోటిఫికేషన్‌ను చూసిన వెంటనే పనికి పూనుకొనక, యాప్ తెరిచి సలహా తేదీని సరిచూసుకోవాలి. తేదీ లేని సందేశంపై ఆధారపడి కోత గాని, పిచికారి గాని చేపట్టరాదు. సలహా ఇచ్చే సంస్థలు దానిని పంపడంతో తమ పని ముగిసిందని భావించక, దాని గడువు తీరే వరకు బాధ్యత వహించినప్పుడే రైతుకు ఆ సలహాపై నమ్మకం నిలుస్తుంది.