గాలివాలు – నమూనా విమానం

సంక్రాంతి దినాలలో నాంపల్లి మేడలపై గాలిపటాలు ఎగురవేసే ప్రతి బాలునికీ ఒక సత్యం తెలుసు: దారం బిగువుగా ఉన్నంతవరకే పతంగి మన మాట వింటుంది. తీగలతో త్రిప్పే నమూనా విమానానికీ ఇదే సూత్రం. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన మిత్రులకు ఈ విమానం క్రొత్తది కాదు.

దాని రెక్క నుండి రెండు సన్నని ఉక్కుతీగలు మన చేతిపిడికి వస్తాయి. పిడిని ఒకవైపు వంచితే తోకలోని ఎలివేటరు లేచి విమానం పైకి పోతుంది; రెండవవైపు వంచితే దిగుతుంది. తీగ వదులైతే మన ఆజ్ఞ దానికి అందదు.

తీగకు బిగువునిచ్చేది వృత్తగమనం. ఒకటిన్నర కిలోల విమానం 20 మీటర్ల తీగలపై సెకనుకు 25 మీటర్ల వేగంతో తిరిగితే, లాగుడు సుమారు 4.8 కిలోల బరువుకు సమానం. వేగం సగమైతే లాగుడు నాల్గవ వంతుకు, అనగా 1.2 కిలోలకు పడిపోతుంది.

ఇక గాలి సంగతి. మన వీపును తాకిన గాలి ముందున్న విమానాన్ని వెలుపలికి నెడుతుంది, తీగలు బిగుస్తాయి. విమానం గాలి వచ్చే దిక్కుకు చేరగానే అదే గాలి దానిని మనవైపు తోస్తుంది. నడినెత్తిపై ఉన్నప్పుడు విమానపు బరువు కూడా ఇందుకు తోడవుతుంది. కావున గిరికీలన్నీ గాలివాలు దిక్కుననే ఆరంభించవలెను. అక్కడ సయితం వరుస గిరికీలలో విమానం వేగం పుంజుకొంటుంది. తీగ వదులైన క్షణాన వెనుకకు అడుగులు వేసి బిగువు తెచ్చుకొనవలెను.

ఆబిడ్స్ చౌరస్తాలో మేడల ప్రక్కన కాగితపు ముక్కలు సుడి తిరగడం మనమందరం చూచినదే. భవనాలను దాటి వచ్చే గాలి అట్లే చెదరిపోతుంది. 1946 నుండి నుమాయిష్ జరుగుతున్న నాంపల్లి మైదానం విశాలమైనదే. అయినా చుట్టూ కట్టడాలున్నవి. ఇట్టి చోట జెండా చూపే దిక్కు ఒకటి, విమానానికి తగిలే గాలి మరొకటి కావచ్చును. నగరం వెలుపలి బయలు, ప్రాతఃకాలం శ్రేయస్కరం. జూన్, జూలై నెలల పడమటి గాలులలో మరింత జాగ్రత్త అవసరం.

విద్యుత్తీగలున్న చోట మాత్రం గాలి ఎంత నెమ్మదిగా ఉన్నా ఎగురవేయరాదు. మన చేతిలోనివి ఉక్కుతీగలు. అవి కరెంటు తీగను తాకితే పోయేది ప్రాణమే. విరిగిన రెక్కను జిగురుతో అతికించవచ్చును. గాలి అనుకూలించని నాడు విమానాన్ని పెట్టెలో పెట్టి ఇంటికి మరలడం కూడా ఈ విద్యలో నేర్వవలసిన పాఠమేనని మా మనవి.