జహనుమా గల్లీల్లో ఒక థీసిస్

ఎంబీఏ చదివే పిల్లలున్న ఇళ్లలో చివరి సెమిస్టర్ వచ్చిందంటే చాలు, 'ప్రాజెక్టు' అనే మాట ఇల్లంతా తిరుగుతుంది. రెండు నెలల్లో ఒక విషయం ఎంచుకోవాలి. దానికి సంబంధించిన మనుషుల్ని కలిసి వివరాలు సేకరించాలి, లెక్కలు కట్టాలి, ఎనభయ్యో వందో పేజీలు రాయాలి. బైండు చేయించి ఇచ్చాక వైవాలో కూర్చుని జవాబులు చెప్పాలి. ఇందులో చాలామంది తల్లులకి తెలిసేది బైండింగు ఖర్చు ఒక్కటే! అమ్మాయి దేని గురించి రాసింది, ఎవర్ని అడిగి రాసింది అని ఆరా తీసేవాళ్లు తక్కువ. ఆరా తియ్యాలనే నేనంటాను. ఎందుకంటే తయారుగా ఉన్న ప్రాజెక్టులు దొరుకుతాయన్న సంగతి పిల్లలందరికీ తెలుసు. పాతదాంట్లో కంపెనీ పేరు, ఊరి పేరు, సంవత్సరం మారిస్తే కొత్తదైపోతుంది. ఈ మధ్య ఆ మాత్రం శ్రమ కూడా లేదు. కంప్యూటర్ని అడిగితే అదే గడగడా రాసిపెడుతోంది.

కాపీని పట్టుకునే ఏర్పాట్లూ ఉన్నాయి లెండి. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పీజీ థీసిస్ అయినా పీహెచ్‌డీ అయినా ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే తిరగరాసి ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ ఈ భయంతో రాసే థీసిస్ ఎలా ఉంటుందో ఊహించండి. వాక్యాలు అటూ ఇటూ తిప్పి రాస్తారు, అంతే. భయం లేకుండా రాసిన థీసిస్‌ని నేను దగ్గరుండి చూశాను కాబట్టి ఈ నాలుగు మాటలూ.

మా జహనుమాలో మా వెనకింటి అమ్మాయి ఎంబీఏ. 'కథలు రాస్తారు కదా అక్కా, ముందుమాట ఒక నాలుగు పేజీలు దిద్దిపెట్టండి' అంటూ వచ్చింది. విషయం ఏమిటంటే ఒక సెల్‌ఫోన్ల షోరూములో 'వినియోగదారుల సంతృప్తి'. క్లాసులో సగం మందిది ఇదేనట. షోరూము మారుతుంది, సంతృప్తి మారదు! 'ఇందులో నీకు తెలుసుకోవాలని ఉన్నదేంటి?' అన్నాను. చాలాసేపు ఆలోచించి, 'నిజం చెప్పాలంటే ఏమీ లేదక్కా' అంది. 'మరి ఏం తెలుసుకోవాలనుంది?' అంటే మాత్రం ఠక్కున చెప్పింది. 'లాడ్‌బజార్‌లో అమ్మే లక్క గాజులకి మన గల్లీలో రాళ్లు పొదుగుతారు కదా. అక్కడ కొనేవాళ్లు ఇచ్చే డబ్బులో ఇక్కడ చేసేవాళ్లకి ముట్టేదెంత?'

మా ప్రాంతం తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. చార్మినార్ నుంచి ఫలక్‌నుమా వైపు వస్తే శంషేర్‌గంజ్, అలియాబాద్, ఇంజన్‌బౌలీ, ఆ పక్కనే మేము. జహాన్ అంటే లోకం, నుమా అంటే చూపించేది. పేరు అంత పెద్దది, గల్లీలు మాత్రం రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత! లక్కని బొగ్గుల మీద కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి గాజు చేస్తారు. ఆ తర్వాత చిన్న కుంపటి పక్కన పెట్టుకుని, వేడి మీద ఒక్కొక్క రాయీ పొదగాలి. కళ్లు, వేళ్లు, ఓపిక మూడూ కావాలి. ఈ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేపర్లలో ఫొటోలు కూడా వేశారు. ఫొటోల్లో ఎక్కువగా కనిపించింది దుకాణాలే.

అమ్మాయి ప్రశ్నకి వాళ్ల గైడు మొదట ఒప్పుకోలేదు. 'ఇది మేనేజ్‌మెంట్ కాదు, సోషల్ వర్క్' అన్నారట. నాకు నవ్వొచ్చింది. ఒక వస్తువు ముడిసరుకు నుంచి కొనేవాళ్ల చేతికి చేరేదాకా ఏ దశలో ఎంత విలువ చేరుతోందో చూడటాన్ని 'వాల్యూ చెయిన్' అంటారు. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1985లో తన పుస్తకంలో చెప్పినది, వీళ్లకి పాఠంగా ఉన్నదే! అమ్మాయి ఆ పాఠం పేరే పైన పెట్టి, కింద గాజులు పెట్టింది. గైడు ఒప్పుకున్నారు.

తర్వాత 'పూర్వ పరిశోధనల సమీక్ష'. ఇదివరకు ఎవరేం రాశారో చూడటం. పిల్లలు ఎక్కువగా కాపీ కొట్టే అధ్యాయం ఇదే. కానీ వెతికితే ఎంత ఉందో! దేశంలోని యూనివర్సిటీలకి సమర్పించిన పీహెచ్‌డీ థీసిస్‌లు 'శోధ్‌గంగ' అనే చోట ఉచితంగా చదువుకోవచ్చు. అలా వెతుకుతుంటే మన తెలుగునేల మీదే జరిగి లోకమంతా చదివిన రెండు పరిశోధనలు బయటపడ్డాయి.

ఒకటి కాకినాడది. డేవిడ్ మెక్లెలాండ్ అనే హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో అక్కడి చిన్న వ్యాపారుల్ని 50 మందికి పైగా హైదరాబాద్‌కి రప్పించి, 'సాధించాలనే తపన' పెరిగేలా శిక్షణ ఇప్పించారు. శిక్షణ ఇచ్చిన సంస్థ 1960లో మొదలైంది, ఇప్పుడు నిమ్స్‌మే పేరుతో యూసుఫ్‌గూడలో ఉంది. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారుల్ని తీసుకున్నారు. శిక్షణ పొందినవాళ్లు తర్వాత వ్యాపారంలో ఎక్కువ చురుకు చూపించారని 1969లో వచ్చిన పుస్తకంలో రాశారు. పాత ఆచారాలు పాటించేవాళ్లు వ్యాపారానికి పనికిరారన్న మాట కూడా అక్కడ నిలబడలేదట.

రెండోది నర్సాపురానిది. పశ్చిమగోదావరి లేసు అల్లే ఆడవాళ్ల గురించి జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. మిషనరీలు నేర్పిన ఆ లేసు విదేశాలకి ఎగుమతయ్యేది. ఇంటిపనంతా చేసుకుని, ఆ పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లు. అయినా వాళ్లని ఎవరూ పనివాళ్లనరు. 'గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు' అనేవాళ్లు. పేరుకి కాలక్షేపం కాబట్టి కూలీ కూడా అలాగే ఉండేది. నర్సాపురం లేసుకీ 2024లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా గాజులకీ ఆ లేసుకీ ఇంత చుట్టరికం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక సర్వే. మొదట అమ్మాయి ఫోన్‌లో ఫారం తయారుచేసి గల్లీ వాట్సప్ గ్రూపులో పెట్టింది. జవాబిచ్చింది ముగ్గురు, ముగ్గురూ మగవాళ్లే! దాంతో కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. ఒక ఇంటామె ఇంకో ఇల్లు చెబుతుంది, ఆమె మరో ఇల్లు. దీనికీ పుస్తకంలో పేరుంది, 'స్నోబాల్ శాంప్లింగ్' అని. పెళ్లిసంబంధాలు వెతికే పద్ధతీ అదే కదా! 'పెళ్లికెదిగిన పిల్ల ఇంటింటికీ తిరుగుతోంది' అని ఎవరో అన్నారని వాళ్ల నాన్న ముఖం ముడుచుకున్నారు. సంబంధం ఒకటి మాటల్లో ఉంది కూడా. పక్కన నేనుంటే ఆ నోళ్లు మూతపడతాయని, సాయంత్రాలు నేనూ వెంట వెళ్లాను.

మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగింది. 'మీరేం పని చేస్తారు?' అంటే 'ఏమీ లేదు బేటీ, ఇంట్లోనే ఉంటాను' అంది ఒకామె. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో రాళ్లు, చేతిలో గాజు. మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు. రెండో ఇంట్లో అదే జవాబు. మూడో ఇంట్లోనూ. ఆ జవాబులే రాసుకుంటే థీసిస్‌లో ఏం తేలేది? మా గల్లీలో ఆడవాళ్లెవరూ పని చెయ్యడం లేదని! నర్సాపురం పుస్తకం చదివి ఉండటం ఇక్కడ అక్కరకొచ్చింది. అమ్మాయి ప్రశ్న మార్చింది. 'నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేశారు ఖాలా?' అని అడగడం మొదలుపెట్టింది. అప్పుడు వచ్చాయి సంగతులు. గంటలు గడియారంతో చెప్పరు. 'జొహర్ నమాజు తర్వాత కూర్చున్నా, అసర్ దాకా' అంటారు. మా తెలుగిళ్లలో అయితే 'ఫలానా సీరియల్ అయ్యేదాకా'. నీళ్లొచ్చినప్పుడు లేస్తారు, పిల్లలు బడి నుంచి వస్తే లేస్తారు, అన్నం వండి మళ్లీ కూర్చుంటారు. ఆ ముక్కలన్నీ కలిపి గంటలు చెయ్యాలి. ప్రభుత్వం వాళ్ల 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. గాజుల పని ఆ 289 సందుల్లోంచి దొంగిలించుకున్నది.

సంతృప్తి గురించి అయిదు గళ్ల ప్రశ్న కూడా ఉంది. చాలా సంతృప్తి, సంతృప్తి, చెప్పలేను, అసంతృప్తి, చాలా అసంతృప్తి. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ ఈ పద్ధతి తెచ్చాడు. మా ఆపాలందరిదీ ఒకే జవాబు, 'అల్లా కా షుకర్ హై'. దాన్ని ఏ గడిలో వెయ్యాలి? చాలా సంతృప్తిలో వేస్తే అబద్ధం. ఆ ప్రశ్న తీసేసి, 'మీ కూతురికి ఈ పని నేర్పిస్తారా?' అని పెట్టింది. ఆ ఒక్క ప్రశ్నకి ఒక్కొక్కరు పావుగంట మాట్లాడారు!

కూలీ లెక్క ఎలా వేశారో కూడా చెబుతాను, ఇంట్లో కుట్టుపని, మగ్గం పని, పచ్చళ్లు చేసేవాళ్లకి పనికొస్తుంది. అంకెలు మాత్రం లెక్క తెలియడానికి నేను వేసినవే. డజను గాజులకి 60 రూపాయలు ఇస్తారనుకుందాం. బొగ్గులకి 10 పోతే మిగిలేది 50. నాలుగు గంటలు పడితే గంటకి పన్నెండున్నర. కానీ బడి నుంచి వచ్చిన కూతురు ఒక గంట కూర్చుని రాళ్లు రంగుల వారీగా ఏరి ఇచ్చిందనుకోండి, ఆ గంట కూడా కలపాలి. అప్పుడు గంటకి 10 రూపాయలే. ఆ గంటని ఎవరూ చెప్పరు, అడిగితే తప్ప. ఇంకోటి, ఒక నెల ఆదాయాన్ని పన్నెండుతో గుణించకూడదు. రంజాన్ ముందు రాత్రింబవళ్లు పని, మొహర్రంలో ఖాళీ. మనకి ఆషాఢం, మూఢం ఎలాగో అలాగన్నమాట.

అన్నిటికన్నా కష్టమైన రోజు వేరే ఉంది. ఒకామె అన్నీ చెప్పాక, మేం గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచింది. 'బేటీ, కాగితంలో నా పేరు కొట్టెయ్. షేట్ చూస్తే పనివ్వడు' అంది. ఆమె ఇల్లు గడిచేది ఆ పనిమీదే. అమ్మాయి అక్కడే ఆమె ముందే పేరు కొట్టేసి అంకె వేసింది. ఆ రాత్రే మిగతా కాగితాలన్నిటికీ అదే చేసింది. పేర్లు, ఫోన్ నంబర్లు లేకపోతే సర్వే నిజంగా చేసినట్టు రుజువేముందని కాలేజీలో అడిగారట. న్యాయమైన ప్రశ్నే, దొంగ సర్వేలు అన్ని ఉన్నాయి మరి. అమ్మాయి మాత్రం తగ్గలేదు. గైడు స్వయంగా వస్తే ఇళ్లకి తీసుకెళ్తాను, పేర్లు మాత్రం అచ్చులో రావంది. మార్కులు పోతాయేమోనని నాకే భయం వేసింది. గైడు ఒకరోజు నిజంగానే వచ్చారు. రెండిళ్లలో కూర్చున్నారు, చాయ్ తాగారు, ఇంక ఏమీ అడగలేదు.

కథ రాసేటప్పుడు నాకు ఒక్కామె చాలు. గుమ్మం దగ్గర వెనక్కి పిలిచిన ఆమె మీద నేను కథ రాసేసేదాన్నే. థీసిస్‌కి ఆ సౌకర్యం లేదు, ఆమెలాంటివాళ్లు ఎందరో లెక్కపెట్టి చూపించాలి, కానివాళ్లని కూడా చూపించాలి. బాగానే గిట్టుబాటవుతోందన్న ఇళ్లు కూడా కొన్ని తగిలాయి. మధ్యవర్తి లేకుండా దుకాణానికి తామే తీసుకెళ్లి ఇచ్చుకునే ఇళ్లవి. అమ్మాయి వాటినీ వదల్లేదు. చివర్లో 'పరిమితులు' అనే అధ్యాయంలో ఇది ఒక్క బస్తీ సంగతేననీ, లాడ్‌బజార్ అంతటికీ వర్తించదనీ రాసింది. మొత్తం థీసిస్‌లో నాకు బాగా నచ్చినవి ఆ రెండు పేజీలే.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒకటే అడిగారట, 'దీనివల్ల మధ్యవర్తికి లాభమేంటి?' అని. రాళ్లు ఏరి, రంగులు వేరుచేసి ఇస్తే గాజులు త్వరగా తయారవుతాయి, సరుకు వేళకి అందుతుంది, ఆ ఏరే పనికి కూలీ వేరుగా కట్టాలి అని చెప్పిందట. ఆయన రాసుకున్నారట.

బైండు చేసిన కాపీ గల్లీలో ఎవరికీ అక్కర్లేదు, ఇంగ్లీషు కదా. అందుకని ఒక్క పేజీలో ఉర్దూలో, ఇంకో పేజీలో తెలుగులో గంటల లెక్క వేసి ఇళ్లకి పంచింది. పేరు కొట్టెయ్యమన్న ఆమె దాన్ని కొడుకు చేత రెండుసార్లు చదివించుకుని, మడిచి గాజుల డబ్బాలో పెట్టుకుంది. మర్నాడు మా గుమ్మంలోకి వచ్చి, 'మా ఆడబిడ్డ బ్లౌజులకి మగ్గం వర్క్ చేస్తుంది, ఆమెకి కూడా ఇలాగే లెక్క కట్టిస్తారా?' అని అడిగింది.