ఆటిజము గల విద్యార్థులు: వయోజన జీవితమునకు సన్నాహము

బెంగళూరు నగరమందలి తెలుగువారి యిండ్లలోను ఆటిజము గల బిడ్డలు పెరుగుచున్నారు. వారి తల్లిదండ్రులను బాధించు ప్రశ్న యొక్కటే: “మా తరువాత వీడెట్లు బ్రతుకును?” పాఠశాల యున్నంతవఱకు ఆ ప్రశ్న కొంత మఱుగున నుండును. పదునెనిమిదవ యేట అది యెదుట వచ్చి నిలుచును. దానికి ముందుగా చేయదగిన సన్నాహమును వివరించుటయే యీ వ్యాసోద్దేశము.

ఆటిజము అంటువ్యాధి కాదు, పెంపకపు లోపమును కాదు. అది మెదడు ఎదుగుదలలోని భేదము. మాటలోను, నలుగురితో కలియుటలోను, మార్పును సహించుటలోను కనబడును. ఒక్కొక్కరియందు ఒక్కొక్క రీతిగా నుండును. 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసము దీనికి ప్రత్యేకమైన గుర్తింపు తెచ్చెను. వారిలో మొదటివాడైన డొనాల్డ్ ట్రిప్లెట్, మిసిసిపీ రాష్ట్రమందలి ఫారెస్ట్ అను చిన్న పట్టణమున బ్యాంకులో దీర్ఘకాలము పనిచేసి, కారు నడుపుచు, దేశములు తిరిగి, 2023లో 89 ఏండ్ల వయస్సున మరణించెను. అతనికి కుటుంబపు కలిమి తోడ్పడెను. అంతకంటె ఊరివారు అతనిని తమవానిగా నెంచుట తోడ్పడెను.

ఈ బిడ్డలలో పెక్కండ్రకు ఒకచోట నేర్చినది మఱియొకచోట తనంత తోచదు. తరగతిలో కాగితపు నాణెములతో లెక్క నేర్చినవాడు జయనగరపు అంగడిలో నిజమైన నోటు చేతికివ్వగా నిలిచిపోవచ్చును. కావున ఏ పని యెక్కడ చేయవలెనో అక్కడనే నేర్పవలెను. బస్సు ప్రయాణమునే చూడుడు. నిలుపుచోటు, బస్సు సంఖ్య, టికెట్టు, దిగుచోటు అని దానిని మెట్లుగా విడదీసి బొమ్మలతో చూపవలెను. మొదట పెద్దవారు ప్రక్కన కూర్చుందురు. పిమ్మట రెండు వరుసలు వెనుకకు జరుగుదురు. తుదకు దిగుచోట నెదురుచూతురు. బస్సు రాకున్న నేమి చేయవలెనో అదియు పాఠమే. వంట, స్నానము, డబ్బు, అన్యులు తాకినప్పుడు “వద్దు” అనుట, ఇవన్నియు నిట్లే. పదునాలుగవ యేటికి ముందే ఆరంభించుట మేలు.

భాషను గూర్చి యొక మాట. బిడ్డ తికమకపడునను భయమున కొందఱు ఇంట తెలుగు మానుచున్నారు. రెండు భాషలు వినుటచే ఈ పిల్లల మాట వెనుకబడునని పరిశోధనలలో తేలలేదు. అవ్వతో, మామయ్యతో మాటాడు భాష పోయిన బిడ్డ మఱింత ఒంటరి యగును. తెలుగు కన్నడ లిపులు ఒకే మూలమునుండి పుట్టినవి గనుక, తెలుగు చదువనేర్చిన బిడ్డకు వీధిలోని కన్నడ పలకలను నేర్పుట సులభతరము.

పదునెనిమిదేండ్లు నిండినంతనే చట్టదృష్టిలో బిడ్డ వయోజనుడు. సంరక్షకుడు అవసరమైనచో, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము ననుసరించి జిల్లాస్థాయి సంఘమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, సంరక్షకుడు బిడ్డతో కలిసి నిర్ణయము చేయవలెనని చెప్పుచున్నది. ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు కేటాయించిన 4 శాతములో 1 శాతమునందు ఆటిజము గలవారికిని భాగము కల్పించుచున్నది.

ఉద్యోగము అసాధ్యము కాదు. 2013లో తన నియామక పథకమును ప్రకటించుటకు ముందు, జర్మనీకి చెందిన శాప్ సంస్థ బెంగళూరు శాఖలో ఆటిజము గల ఆరుగురిని సాఫ్ట్‌వేర్ పరీక్షించు పనిలో నుంచి చూచెను. అందఱును అట్టి పని చేయలేరు. జీవితాంతము తోడు కావలసినవారును కలరు. తమ బట్టను, తమ భోజనమును తామెన్నుకొనుటయు వారికి వయోజనత్వమే.

ఈ నగరమున ఆంధ్ర భోజనశాలలు, తెలుగువారి అంగళ్లు, కార్యాలయములు అనేకములు గలవు. వానిలో నొక్కొక్కటి వారమునకు రెండు గంటలు ఒక విద్యార్థికి పని నేర్చుకొను చోటిచ్చిన చాలును. ఊరు సిద్ధపడనిదే బిడ్డ సిద్ధపడుట వ్యర్థము.