నర్సు చదువు, అమెరికా కాగితాలు

మీ అమ్మాయి నర్సింగ్ పాసయింది. అమెరికా ఆసుపత్రిలో ఉద్యోగం దొరుకుతుందంటున్నారు. సంతోషమే! కాని దేశంలో అడుగుపెట్టడానికి వీసా కావాలి. రోగికి సేవ చేయడానికి లైసెన్సు కావాలి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాదు.

లైసెన్సు ఇచ్చేది అక్కడి రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు. అందుకు ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసవాలి. దాన్ని హైదరాబాదులోనే రాయవచ్చు. ఇక వీసాకు, 1996 నాటి వలస చట్టం ప్రకారం, డాక్టర్లు తప్ప నర్సులు, ఫిజియోథెరపిస్టులు మొదలైనవారు 'వీసాస్క్రీన్' ధ్రువపత్రం చూపాలి. చదువు, లైసెన్సు, ఇంగ్లీషు పరిశీలించాకే దాన్ని ఇస్తారు. గడువు అయిదేళ్ళు.

ఇక్కడొక చిక్కు. కొన్ని రాష్ట్రాలు లైసెన్సుకు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. అది వీసా వస్తేగాని రాదు. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్నట్లు! నంబరు లేకున్నా దరఖాస్తు తీసుకునే రాష్ట్రమేదో ముందే విచారించండి.

మరి ఇప్పుడే ఏం చేయాలి?

సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు, పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు ఉంటే ఒక్క మనిషి ముగ్గురవుతుంది. పేరు కలవకపోతే పరీక్షకు రానివ్వరు. కట్టిన ఫీజూ పోతుంది. ముందుగా సరిచేయించండి.

కాలేజీ, నర్సింగ్ కౌన్సిల్ తమ కాగితాలను నేరుగా పంపాలి. మీరు పంపే నకళ్ళు చెల్లవు.

ఇంగ్లీషు పరీక్ష మార్కులు రెండేళ్ళే చెల్లుతాయి. తక్కిన కాగితాలు కదిలాక రాయించండి.

అసలు సర్టిఫికెట్లు మాత్రం ఏ ఏజంటు చేతిలోనూ పెట్టకండి.