పిట్టకు పాలు పట్టకండి

ఏటా ఏప్రిల్ నుంచి జూలై దాకా కాలేజీ ఆవరణలో చెట్లకింద పక్షిపిల్లలు దొరుకుతూనే ఉంటాయి. పరీక్షలూ, ఈదురుగాలులూ, గోరింకలు పిల్లల్ని లేపే కాలమూ మూడూ ఒక్కసారే వచ్చిపడతాయి మరి. చదువుకుందామని చెట్టునీడకు వెళ్ళినవాడు పుస్తకంతోబాటు ఒక గోరింకపిల్లను కూడా హాస్టలుకు మోసుకొస్తాడు. ఆపైన జరిగేది మనందరికీ తెలిసిందే. ఒకరు మెస్‌నుంచి గ్లాసులో పాలు తెస్తారు. ఇంకొకరు ముక్కు విడదీసి చుక్కలు పోస్తారు. వరండా నిండా సలహాదారులే! తెల్లవారేసరికి పిల్ల బిగుసుకుపోయి ఉంటుంది. “పాపం, దాని ఆయువు అంతే” అనుకొని ఎవరి గదికి వారు పోతారు. చాలాసార్లు అది ఆయువు తీరి చావలేదు. మన దయవల్ల చచ్చింది.

ఈ మాట కటువుగానే ఉన్నది. కాని కారణం వింటే కాదనలేరు. పాలిచ్చి పెంచేవి క్షీరదాలు. పాలలోని చక్కెరను అరిగించుకొనే సరంజామా పక్షి కడుపులో లేదు. పాలు పడితే విరేచనాలు పట్టుకొని, ఒంట్లో ఉన్న కాస్త నీరూ పోతుంది. “పావురం తన పిల్లలకు పాలిస్తుందంటారు కదా” అని జువాలజీ మిత్రులు అడగవచ్చు. నిజమే, ఆడ మగ రెండూ ఇస్తాయి. ఐతే అది గొంతు కిందనున్న తిత్తి గోడలలో ఊరే, జున్నులాంటి చిక్కటి పదార్థం. మాంసకృత్తులూ కొవ్వూ తప్ప గేదెపాలకూ దానికీ పేరులో తప్ప పోలిక లేదు.

నీళ్ళ సంగతి ఇంకా ప్రమాదం. పక్షి నోరు తెరిచి చూడండి. నాలుక మొదట్లో చిన్న చీలిక కనబడుతుంది. అదే శ్వాసనాళపు ద్వారం. మనం మింగేటప్పుడు గాలిగొట్టంమీద వాలే మూతలాంటిది పక్షికి లేదు. డ్రాపరుతో పోసిన నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గూట్లో ఉండే పిల్లకు సాధారణంగా తల్లి నీళ్ళు తెచ్చి పోయదు; చాలా జాతులలో తిండిలో ఉన్న తడే దానికి దాహం తీరుస్తుంది. ఎండదెబ్బకు సొమ్మసిల్లిన పెద్ద పక్షి ఐతే నీడలో ఉంచి, లోతులేని మూతలో నీళ్ళు ఎదుట పెట్టండి. తాగితే అదే తాగుతుంది.

ఇంతకూ మన చేతికొచ్చిన పిల్లకు మన అవసరం ఉన్నదా? ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. ఒంటినిండా ఈకలొచ్చి, తోక కురచగా ఉండి, నేలమీద గెంతుతూ పోయే పిల్ల తప్పిపోయినది కాదు, ఎగరడం నేర్చుకుంటున్నది. తల్లీదండ్రీ పక్క కొమ్మమీదే ఉండి కూకలు వేస్తుంటాయి. దాన్ని తేవడం రక్షించడం కాదు, ఎత్తుకుపోవడం! పిల్లులూ కుక్కలూ తిరిగే చోటైతే పక్కనున్న పొదలోనో తక్కువ ఎత్తు కొమ్మమీదో ఉంచి, దూరంగా నిలబడి ఒక గంట చూడండి. ఈకలు రాని ఎర్రటి పిల్ల అయితే, గూడు అందితే గూట్లోనే పెట్టండి. గూడు చెదిరిపోతే అడుగున చిల్లులున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి అదే చెట్టుకు కట్టండి. పిల్ల అరుపు విని తల్లి వస్తుంది. మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదని మన పెద్దలు చెబుతారు గాని, అది వట్టి మాట.

తల్లి జాడ లేదు, పిల్లకు దెబ్బ తగిలింది అనుకుందాం. అప్పుడైనా మొదట చేయవలసింది తినిపించడం కాదు. పక్షి ఒంటివేడి మనకన్నా ఎక్కువ, సుమారు 40 నుంచి 42 డిగ్రీల సెంటీగ్రేడు. ఈకలు లేని పిల్ల ఆ వేడిని తానై నిలుపుకోలేదు. చల్లబడిన పిల్లకు పెట్టింది అరగదు. బూట్ల అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, మెత్తని గుడ్డ పరిచి, గోరువెచ్చని నీళ్ళ సీసాకు బట్ట చుట్టి పెట్టెలో ఒక పక్కన ఉంచండి. వేడెక్కువైతే అవతలికి జరగడానికి చోటుండాలి సుమా! ఇప్పటి ఎల్‌.ఇ.డి. బల్బు వెలుగే గాని వేడి ఇవ్వదు. మే నెల మధ్యాహ్నం మన ఊళ్ళలో ఈ సీసా అక్కరలేదు, నీడ చాలు. పెట్టె మూసి, చీకటిగా, సద్దు లేని చోట పెట్టండి. గదికి పదిమంది వచ్చి తొంగిచూడటం ఆ పక్షికి తిండి లేకపోవడం కన్న పెద్ద బాధ.

ఇక తిండి. అదేం పిట్టో తెలియకుండా ఏం పెడతాం? సలీం అలీ చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఒక పిచ్చుక పేరు తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కి, అటుపైన పక్షిశాస్త్రజ్ఞుడే అయ్యారు. మనకు అంత అక్కరలేదు గాని, ముక్కు చూస్తే సగం తెలుస్తుంది. ముక్కు కొనదేరి వంకీ తిరిగి, కాళ్ళకు వాడి గోళ్ళుంటే గద్దో గుడ్లగూబో. దానికి ఉప్పూ కారం తగలని పచ్చిమాంసమే కావాలి, అన్నం ముట్టదు. వట్టి కండే పెడితే ఎముకలు వంకరపోతాయి కాబట్టి ఎక్కువ రోజులు మనం సాకడం కుదరదు. వంకరముక్కు చిలుకపిల్లకు మెత్తగా ఉడికించి మెదిపిన పప్పులు గోరువెచ్చగా పెట్టవచ్చు. గోరింక, పిగిలిపిట్ట, పిచ్చుక పిల్లలకు మాత్రం పురుగులు కావాలి. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే ఏరి తెస్తుంది. మిడతలు దొరక్కపోతే ఉడికిన కోడిగుడ్డు మెదిపి, శనగగింజంత ముద్దలు చేసి, నోరు తెరిచినప్పుడు నాలుక దాటించి పెట్టండి. ఈకలు లేని పిల్లకు పొద్దుపొడిచింది మొదలు చీకటిపడేదాకా అరగంటకొకసారి, ఈకలొచ్చినదానికి గంటకొకసారి. రాత్రి అక్కరలేదు. క్లాసులు ఎగ్గొట్టడానికి ఇంతకన్న మంచి సాకు లేదనుకోండి! బ్రెడ్డు, మెస్ అన్నం, పెరుగన్నం, ఉప్పు తగిలినది ఏదీ వద్దు. అన్నట్టు, కాకిగూట్లోంచి పడినదల్లా కాకిపిల్ల కాదు, కోకిలపిల్లా కావచ్చు. కాకి పెట్టేదే తిని పెరుగుతుంది గనుక తిండిలో తేడా లేదు.

పిల్లి నోటపడిన పిట్టకు పైకి గాయం కనబడకపోయినా డాక్టరుకు చూపించి తీరాలి. పిల్లి ఎంగిలిలోని సూక్ష్మజీవులు రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తాయి. సంక్రాంతికి గాలిపటాల మాంజాలో చిక్కినదాన్ని దారం పట్టి లాగవద్దు. చుట్టుకున్న దారం అలాగే ఉంచి, రెండువైపులా కత్తిరించి, రెక్కలు ఒంటికి ఆనేటట్లు గుడ్డచుట్టి పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా జనవరిలో మన చెట్లమీద వేలాడుతూనే ఉంటుంది.

కోలుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది. భుజంమీద వాలే గోరింకను, పేరు పిలిచే చిలుకను వదలబుద్ధి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెంచడం నేరం. వన్యపక్షి చేతికొస్తే 48 గంటల్లోగా అటవీ అధికారికో పోలీసు స్టేషనుకో తెలపాలి. చట్టం అటుంచండి. గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్లలు మొదట చూసినవారినే తల్లి అనుకొని వెంటబడతాయని కాన్రాడ్ లోరెంజ్ చూపించాడు. 1973లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిని నమ్మి పెరిగిన పిట్ట పిల్లినీ నమ్ముతుంది, రాయి పట్టుకున్న కుర్రవాణ్ణీ నమ్ముతుంది. పైగా సెలవులకు హాస్టలు మూసి మనం ఊళ్ళకు పోతే దాని గతేమిటి? కాబట్టి తినిపించేటప్పుడు తప్ప ముట్టుకోకండి, మాటలు నేర్పకండి. సొంతంగా ఏరుకు తినడం, గదిలో ఈ గోడనుంచి ఆ గోడకు సూటిగా ఎగరడం వచ్చిందా, ఇక ఆపవద్దు. దొరికిన చోటనే, తన జాతి పక్షులు తిరిగే చోట, వాన లేని రోజు ఉదయాన వదలండి. సాయంత్రం వదిలితే చీకటిపడే లోపల చోటు వెతుక్కోలేదు. నాలుగైదు రోజులు అదే పిట్టగోడమీద కాస్త తిండి పెట్టి ఉంచండి, వస్తే తింటుంది. రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళకండి.